మంచం దారిలో ఉంది

మంచం దారిలో ఉందట. పొద్దున్నుంచీ ఫోను తెరిచినప్పుడల్లా అదే మాట, ఆ మాట పక్కన చిన్న బండి బొమ్మ, బండి వెనకాల పొగకి గుర్తుగా రెండు గీతలు, గీతలు కదులుతుంటాయి గానీ బండి మాత్రం కదలదు. దారిలో ఉంటే సరే, ఏ దారిలో తల్లీ, లోకంలో దారులకేమైనా కరువా అనుకుంటూ పొట్టి ఖాళీ గదిలో నేలమీద వెల్లకిలా పడుకుంది. మంచం రావలసిన చోటే పడుకుంది, తల గోడవైపు పెట్టి, కాళ్లు కిటికీవైపు చాపి, మంచం వచ్చాక అక్క ఎలా పడుకుంటుందో అచ్చం అలాగే. పైన ఫ్యాను తిరుగుతోంది, తిరిగినప్పుడల్లా ఒక రెక్క దగ్గర టక్కుమంటోంది, అక్కకి నిద్ర పడుతుందో లేదో, ఎవరినైనా పిలిచి చూపించాలి, ఇప్పుడా గుర్తొచ్చేది. అక్క ఎక్కిన బస్సు ఈపాటికి సగం దూరం దాటేసి ఉంటుంది. మంచం ముందు రావాలి, అక్క వెనక రావాలి, అంతే, అంతకన్నా పొట్టి ఎవర్నీ అడిగిందేమీ లేదు. అక్క గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఈ గదిలో మంచం ఉండాలి, మంచం మీద పరుపు, పరుపు మీద ఉతికి ఆరేసిన దుప్పటి, ఎప్పటినుంచో ఇక్కడే ఉన్నట్టు, అక్క కోసమే ఉన్నట్టు ఉండాలి. ఒక వారం ఉండి పోతానే అని ఫోన్లో అంది అక్క. వారం కాదు, ఇక ఎక్కడికీ వెళ్లకు, ఇక్కడే ఉండిపో అని పొట్టి అనలేదు. ఆ మాట పొట్టి నోటి వెంట రాదు. ఆ మాట మంచం చెబుతుంది. అందుకే కదా కొన్నది.

పొట్టి అన్నది అక్క పెట్టిన పేరే. అప్పట్లో నిజంగానే పొట్టి, ఇప్పుడు అక్కకన్నా జానెడు పొడుగు, తలలో సగం వెంట్రుకలు తెల్లబడ్డాయి, ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే మేడమ్ అంటే అందరికీ కాస్త భయం కూడా, అయినా అక్క నోట్లో పొట్టి పొట్టే. మంచం ఆర్డరిచ్చిన రోజున షోరూమువాళ్లు వారంలో ఇంట్లో ఉంటుంది మేడమ్ అన్నారు. ఆ వారం పోయింది, దాని తర్వాతి వారమూ పోయింది, ఆ తర్వాత పొట్టి వారాలు లెక్కపెట్టడం మానేసింది. ముందు గోడౌన్లో ఉందన్నారు. తర్వాత ఓడలో ఉందన్నారు. బుద్ధెరిగాక పొట్టి ఓడ మొహం చూడలేదు, తన మంచం మాత్రం సముద్రయానం చేస్తోంది, భోగం అంటే అదీ. ఓడ దిగాక తనిఖీలో ఉందన్నారు. ఒక రోజు తలుపు కొడితే పరిగెత్తుకెళ్లి తీసింది, చూస్తే అరచేతిలో పట్టే పొట్లం, విప్పితే అందులో మరలు, ఒక వంకర తాళంచెవిలాంటిది, మంచం ఎలా బిగించుకోవాలో చూపించే బొమ్మలు. బొమ్మల్లో గుండుతలకాయ మనిషి ఒకడు పళ్లికిలిస్తూ మరలు బిగిస్తున్నాడు. మరలొచ్చాయి కదా అని ఫోను చేస్తే, సంతోషమండీ, అంటే మీ ఆర్డరు డెలివరీ మొదలైందన్నమాట, అంది అటునుంచి అమ్మాయి. ఎంత తియ్యగా మాట్లాడుతుందో! ఒక్కమాట గట్టిగా అనబోతే మనకే పాపం చుట్టుకుంటుందన్నట్టు ఉంటుంది ఆ గొంతు. లైన్లో ఉండండి అని పాట పెట్టి పోతుంది, పాట అయిపోతుంది, మళ్లీ మొదలవుతుంది, మీ సహనానికి ధన్యవాదాలు అంటుంది మధ్యలో ఇంకో గొంతు. నాకు సహనం ఉందని నీకెవరు చెప్పారమ్మా అని పొట్టి ఆ రికార్డు గొంతుతో దెబ్బలాడిన రోజులున్నాయి.

మంచం కోసం వీధి తలుపు బార్లా తీసే ఉంచింది. లిఫ్టు చప్పుడైంది. పొట్టి తల ఎత్తింది. లిఫ్టు పై అంతస్తుకి పోయింది. తల దించింది. నేల చల్లగా బాగుంది, నడుముకి హాయిగా ఉంది. అసలు ఆ షోరూములో పడుకున్న మంచమూ ఇలాగే బాగుంది. ఎంత పెద్ద షోరూము అది, ఊరిలో ఊరు, ఇళ్లకి కప్పులు లేని ఊరు. పడకగది పక్కన పడకగది, దాని పక్కన ఇంకో పడకగది, అన్నిట్లోనూ దీపాలు, ఎవరో ఇప్పుడే లేచి నీళ్లు తాగడానికి వెళ్లినట్టు మడత విప్పిన దుప్పట్లు, ప్లాస్టిక్ పళ్లు, అట్టతో చేసిన టీవీలు, లోపల కాగితాల్లేని పుస్తకాలు. ఎవరూ ఉండని ఇన్ని ఇళ్లు. ఒక్కొక్క మంచం మీదా కూర్చుని చూసింది, ఒకటి మరీ మెత్తన, అక్క నడుము పట్టేస్తుంది, ఒకటి ఎత్తెక్కువ, అక్క కాళ్లు నేలకి ఆనవు, ఒకటి కిర్రుమంది, అక్క ఊరుకోదు. చివరికి ఆ మూలన ఉన్నది, లేతరంగు చెక్కది, తలవైపు చిన్న అర ఉంది, కళ్లజోడూ మందుబిళ్లలూ పెట్టుకోడానికి, మంచం కింద రెండు సొరుగులు, అక్క చీరలు పెట్టుకోడానికి. ఆ సొరుగులు లాగి చూసినప్పుడే పొట్టి ఆ మంచానికి పడిపోయింది. కాస్త పడుకుని చూద్దామని నడుం వాల్చింది, కళ్లు మూసింది, చుట్టూ జనం నడుస్తున్న చప్పుడు దూరంగా వానలా వినిపించింది, అంతే, ఎవరో భుజం తట్టి మేడమ్ మేడమ్ అంటుంటే మెలకువొచ్చింది. టై కట్టుకున్న సేల్స్‌మన్. మేడమ్, మేము మూసేస్తున్నామండీ. నోటి పక్కన తడి తుడుచుకుంటూ లేచి, సిగ్గుతో చచ్చిపోతూ, ఇదే కావాలండీ అంది పొట్టి. ఇంత బాగా నిద్ర పట్టాక మీరు వేరేది తీసుకుంటే నేనే ఒప్పుకోను మేడమ్ అన్నాడతను.

నిద్ర. అక్క కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లైందో. ఉద్యోగమంతా ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసింది, రాత్రిపూట ఏ పిల్లకి జ్వరమో, ఏ పిల్ల గోడ దూకిందో, చెవి ఒకటి ఎప్పుడూ మేలుకునే ఉండేది. గది హాస్టల్‌ది, బీరువా హాస్టల్‌ది, ఇనప మంచం హాస్టల్‌ది, దాని కాలికి తెల్లరంగుతో నంబరు కూడా ఉండేది. రిటైరైన రోజున దండవేసి ఫొటో తీసి తాళాలు తీసుకున్నారు. ఒక సంచీతో బయటికొచ్చింది. అప్పట్నుంచీ అన్నయ్య ఇంట్లో కొన్నాళ్లు, పిన్ని కూతురింట్లో కొన్నాళ్లు, ఎవరింట్లో పురుడైతే అక్కడ, ఎవరికి ఆపరేషనైతే అక్కడ. అక్క వస్తే ఇల్లు అద్దంలా ఉంటుంది అంటారు అందరూ. ఎవర్నీ ఏమీ అనడానికి లేదు, వదిన బంగారంలాంటి మనిషి, అన్నయ్య నోట్లో నాలుక లేనివాడు. కానీ అన్నయ్యింటికి ఒకసారి చెప్పాపెట్టకుండా తెల్లారకముందే వెళ్లింది పొట్టి, తలుపు ఓరగా తీసి ఉంది, హాల్లో దీపం వెయ్యకుండా ఎవరో తచ్చాడుతున్నారు, అక్క. సోఫా మీద పరుచుకున్న దుప్పటి మడతపెడుతోంది. దిండుని సోఫా వెనక్కి తోసేసింది, దుప్పటి సంచీలో కుక్కింది, సంచీని టీవీ బల్ల కిందికి నెట్టింది, తర్వాత అరచేత్తో సోఫా మీద ముడతల్ని చదును చేసింది, ఎంత జాగ్రత్తగా అంటే, రాత్రి అక్కడ ఒక మనిషి పడుకుందన్న ఆనవాలు ఇంట్లోవాళ్లు లేచేసరికి మిగలకూడదన్నట్టు. పొట్టి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. తనని చూసి, ఏమే ఇంత పొద్దున్నే ఊడిపడ్డావు, కాఫీ తాగుతావా అంది అక్క. తాగుతా అంది పొట్టి.  

లిఫ్టు మళ్లీ మోగింది. ఈ అంతస్తులోనే ఆగింది. పొట్టి మోచేతుల మీద లేచింది. బరువైనదేదో ఈడుస్తున్న చప్పుడు, అమ్మయ్య, వచ్చేశారు, పైట సర్దుకుని లేవబోతుంటే ఎదురింటి తలుపు తెరుచుకుంది, ఎదురింటాయన దగ్గుతూ నీళ్ల డబ్బా లోపలికి లాక్కున్నాడు. తలుపు మూసుకుంది. ఛీ, నా బతుకు. మళ్లీ వెల్లకిలా. ఆ దగ్గు మామూలు దగ్గు కాదు, ఒక ఎక్స్‌రే ఫిల్ము తీయించుకోమని చెప్పాలి. అక్క కూడా కిందటేడు ఇలాగే దగ్గుతూ వచ్చింది, చూడ్డానికొచ్చానే, రేపు పోతా అంటూ. పట్టుబట్టి ఆసుపత్రికి లాక్కెళ్లి పలక ముందు నిలబెట్టింది పొట్టి. గెడ్డం పైకి, భుజాలు ముందుకి, ఊపిరి తీసుకోండి, బిగబట్టండి, కదలకండి. అక్కని కూడా అండీ అనేసింది అలవాటుకొద్దీ, అక్కకి నవ్వొచ్చి ఆ ఫిల్ము పాడైంది, మళ్లీ తీయాల్సొచ్చింది. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. కానీ ఎడమవైపు పక్కటెముకల్లో రెండు, ఎప్పుడో విరిగి, వాటంతటవే అతుక్కున్నాయి, అతుక్కున్నచోట చిన్న కణుపులు. పొట్టి తెరముందు కూర్చుని చూస్తూ ఉండిపోయింది. ఇవెప్పుడు విరిగాయక్కా అంటే, అదా, హాస్టలు మెట్ల మీద జారాన్లే, ఎప్పటి సంగతో అంది. చెప్పలేదేం అంటే, నువ్వడగలేదుగా అంది. ఎంత తేలిగ్గా అందో, కూరలో ఉప్పు సంగతి మాట్లాడినట్టు. పక్కటెముకలు విరిగితే ఎంత నొప్పో పొట్టికి తెలుసు, మగవాళ్లు కూడా ఏడుస్తారు, పడుకోలేరు, లేవలేరు, నవ్వలేరు. అక్క ఆ నంబరు మంచం మీద ఎలా పడుకుందో, పొద్దున్నే ఎలా లేచిందో, పిల్లల మీద ఎలా అరిచిందో. ఆ రాత్రి తన మంచం అక్కకిచ్చి పొట్టి కింద చాప వేసుకుంది. ఈ ఇంట్లో అప్పటికి ఉన్నది ఒక్కటే మంచం. తెల్లారేసరికి అక్క తయారై కూర్చుంది. అన్నయ్యవాళ్ల గ్యాస్‌బండ వస్తుందే, వదిన ఉండదు, నేను పోవాలి అంది. గ్యాస్‌బండ కోసం! నీ మంచం లాక్కుని నిన్ను నేలమీద పడేశానని పోతున్నావు కదూ అని పొట్టి అడగలేదు. నిన్ను నేలమీద చూడలేనే అని అక్కా చెప్పలేదు. బస్సు కదిలేదాకా ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు.

ఈ ఇంటి తీరే అంత. అమ్మ ఉన్నప్పుడు కూడా అంతే, అడగడం అంటే నామోషీ. ఆకలేస్తే గిన్నెలు చప్పుడు చేసేవాళ్లు, నిద్రొస్తే దీపం ముందు చెయ్యి అడ్డం పెట్టేవాళ్లు. అమ్మ పోయాక నాన్న బొత్తిగా మాటలు మానేశాడు. అప్పుడు పొట్టికి అక్కే అన్నీ, స్నానం చేయించినా అక్కే, వీపున ఒక్కటిచ్చినా అక్కే, ఒకే మంచం, ఒకే దుప్పటి, రాత్రుళ్లు దుప్పటి అంతా నువ్వే లాక్కున్నావు అని పొద్దున్నే తగువు. అక్కకి హాస్టల్లో ఉద్యోగం వచ్చింది. రేకు పెట్టె సర్దుకుంటోంది. నన్నూ తీసుకుపో అనాలి. ఆ రెండు మాటలూ గొంతు దాకా వచ్చేవి, వచ్చి అక్కడే కూర్చునేవి, మళ్లీ కిందికి పోయేవి. అందుకని పొట్టి ఏం చేసిందంటే, అక్క నీళ్లు పోసుకోడానికి వెళ్లినప్పుడు తన నీలం గౌను తీసి, మడతపెట్టి, పెట్టెలో అక్క చీరల అడుక్కి తోసింది. అక్కడికెళ్లి పెట్టె విప్పితే గౌను కనిపిస్తుంది. గౌను కనిపిస్తే అక్కకి అర్థమవుతుంది. అర్థమైతే వచ్చి తీసుకుపోతుంది. ఎంత పకడ్బందీ పన్నాగం! రోజూ బడి నుంచి వచ్చి వీధి అరుగు మీద కూర్చునేది, కాళ్లు ఊపుకుంటూ, బస్సు వచ్చే వైపు చూస్తూ. అక్క రాలేదు. గౌను వచ్చింది. బస్సు కండక్టరు తెచ్చిచ్చాడు, మీ అక్క పంపిందమ్మా, పొరపాటున ఆవిడ పెట్టెలో కలిసిపోయిందట అన్నాడు. ఉతికి, ఇస్త్రీ చేసి, ఊడిపోయిన గుండీ కుట్టి మరీ పంపింది. అంత శ్రద్ధగా! ఆ గుండీ చూసి పొట్టి ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు, నాన్న భయపడి పక్కింటివాళ్లని పిలిచాడు, కడుపునొప్పేమో అని వాము నీళ్లు తాగించారు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఇద్దరూ ఒకచోట కూర్చోలేదు, ఎన్ని రాత్రులు కబుర్లు చెప్పుకోలేదు, అయినా ఆ గౌను మాట ఒక్కసారైనా పొట్టి నోట రాలేదు.

ఎండ కిటికీలోంచి దిగి నేలమీదకి పాకుతోంది, పొట్టి పాదాల దాకా వచ్చింది, చీలమండల మీదికెక్కింది, గోరువెచ్చగా ఉంది. కళ్లు మూతలు పడుతున్నాయి. ఎక్కడో దూరాన పెద్ద బండి, దాని లోపల చీకట్లో మంచం ముక్కలు ముక్కలుగా పడుకుని ఉంది, తలవైపు చెక్క ఒకచోట, కాళ్లు ఒకచోట, పట్టీలు కట్టకట్టి ఒకచోట, పక్కటెముకల్లాగా. కదలకండి అంటోంది పొట్టి, బండి కుదుపుకి అవి కదులుతూనే ఉన్నాయి. బండి ఒక్కొక్క ఇంటి ముందూ ఆగుతోంది. అన్నయ్య ఇంటి ముందు ఆగింది, ఇక్కడ కాదండీ అంది వదిన. పిన్ని కూతురి ఇంటి ముందు ఆగింది, ఇక్కడా కాదన్నారు. హాస్టల్ ముందు ఆగింది, వరండా నిండా రెండుజడల పిల్లలు, ఈ మంచం వార్డెనమ్మదా, వార్డెనమ్మకి మంచమేంటి, ఆవిడసలు పడుకుంటుందా అని గలగలా నవ్వుతున్నారు. ఉష్, నవ్వకండర్రా, ఫిల్ము పాడవుతుంది. బండి మళ్లీ కదిలింది, రోడ్డు కాదది, నీళ్లు, మంచం నీళ్లమీద తేలుతూ పోతోంది, సొరుగులు తెరుచుకుని ఉన్నాయి, వాటిల్లో చీరలు, చీరల అడుగున ఏదో నీలంగా. ఒడ్డున పొట్టి, చేతులూపుతోంది, ఇటు, ఇటు, ఇల్లు ఇటు, గొంతు పెగలడం లేదు. అక్క ఎక్కడుంది. అక్క మంచం మీదే కూర్చుని ఉంది, ఒళ్లో సంచీ పెట్టుకుని, దిగడానికి సిద్ధంగా ఉన్న మనిషిలాగా, ఎక్కడ దిగాలో ఎవరైనా చెబుతారేమోనని గట్టు వైపు చూస్తోంది. చెప్పు. చెప్పవే. నోరు తెరువు.

ఫోను పొట్టమీద వణికింది. పొట్టి ఉలిక్కిపడి లేచింది. బండి బొమ్మ లేదు, దాని వెనక పొగ గీతలూ లేవు. కొన్ని అనివార్య కారణాలవల్ల మీ డెలివరీ ఈ రోజు సాధ్యపడలేదు, కొత్త తేదీ కోసం మా ప్రతినిధి మీకు ఫోను చేస్తారు, మీ సహనానికి ధన్యవాదాలు. మళ్లీ సహనం! పొట్టి ఒంటికాలిమీద లేచింది. సెలవు పెట్టుకుని, పొద్దున్నే గది కడుక్కుని, పాత సామానంతా నెత్తినపెట్టుకుని కిందికి మోసి, ఇస్త్రీబల్ల ఎదురింటాయనకి దానం చేసి, కళ్లు కాయలు కాచేలా చూస్తే అనివార్య కారణాలట. మీకు మంచం ఒక డబ్బానమ్మా, రేపు కాకపోతే ఎల్లుండి దింపే డబ్బా. నాకు మా అక్క. మా అక్క వస్తోంది, వచ్చి ఈ బోడి గది చూస్తుంది, అటు నా మంచం చూస్తుంది, రాత్రి నిద్రపోదు, పొద్దున్నే తయారై కూర్చుంటుంది, ఎవరింట్లోనో గ్యాస్‌బండ వస్తుంది. ఈసారి పోతే ఇక రాదు. నాకు తెలుసు, రాదు. ఇదంతా పొట్టి ఫోను చేత్తో పట్టుకుని గోడతో అంటోంది, పైకే అంటోంది, అవతల వినేవాళ్లెవరూ లేరని తెలిసీ అంటోంది. అని అని అలిసిపోయి మళ్లీ అక్కడే చతికిలబడింది.

"తలుపు బార్లా తీసుకుని ఎవరితోనే ఆ దెబ్బలాట?"

అక్క. భుజాన సంచీ, చేతిలో నీళ్ల సీసా, ఎండకి ఎర్రబడ్డ మొహం. కిందటేటికన్నా చిక్కిపోయింది. గది గుమ్మం దగ్గర ఆగి లోపలికి చూసింది. గోడ, గోడ, గోడ, కిటికీ, మధ్యలో నేలమీద చెల్లెలు.

"ఈ గదికేం వచ్చిందే? సామానంతా ఏమైంది, దొంగలు పడ్డారా?"

"పడలేదు. నేనే తీసేశాను."

"తీసేసి ఇలా కూర్చున్నావా? ఆ మొహమేంటి? ఏడ్చావా?"

"మంచం రాలేదక్కా." ఇంత వయసొచ్చి మంచం కోసం ఏడుస్తోందనుకుంటుంది, అనుకోనీ. "పొద్దున్నే వస్తుందన్నారు. నువ్వొచ్చేసరికి వేసి ఉంచాలనుకున్నాను. సొరుగులున్నాయి దానికి, నీ చీరలకి. కళ్లజోడు పెట్టుకోడానికి అర కూడా ఉంది."

అక్క సంచీ కింద పెట్టలేదు. "నాకా?" అంది. "నాకు మంచమేంటే, పిచ్చిదానా. వారం ఉండి పోయేదానికి ఎవరైనా మంచం కొంటారా?"

ఇదిగో, ఇక్కడ మంచం మాట్లాడాలి. ఇక్కడే, ఈ ఖాళీలోనే, లేత చెక్క, ఉతికిన దుప్పటి, అవి చెప్పాల్సిన మాట ఇది. అవి లేవు. గదిలో పొట్టి తప్ప ఇంకెవరూ లేరు. ఫ్యాను రెక్క టక్కుమంది. నవ్వుతూ అదేం లేదులే, బాగుందని కొన్నాను అనేయొచ్చు, అలా అనడానికి నాలుక అప్పుడే మడతపడుతోంది, ఇన్నేళ్ల అలవాటు. అక్క భుజం మీద సంచీ పట్టీ ఒరుసుకుని ఎర్రగా చార పడింది.

"వారానికి కాదు," అంది పొట్టి. "వెళ్లకు. ఎవరింటికీ వెళ్లకు. నువ్వు నాతో ఉండాలి అక్కా. అన్నయ్యకి నేను చెబుతాను. నాకు నువ్వు కావాలి. చిన్నప్పుడూ కావాలి, అప్పుడు చెప్పడం చేతకాలేదు."

అనేసింది.  తల ఎత్తి చూసే ధైర్యం లేక అక్క పాదాల వంక చూస్తూ ఉండిపోయింది, చెప్పులు విప్పలేదు ఇంకా, వేళ్లమీద దుమ్ము. ఆ పాదాలు కదల్లేదు.  అయిపోయింది, భయపెట్టేశాను, ఇప్పుడు ఎవరో ఒకరి ఆపరేషను గుర్తొస్తుంది అక్కకి, ఇంకేదో బస్సు టైము అడుగుతుంది. నోరు మూసుకుని ఉంటే వారమైనా ఉండేది.

ఫోను మోగింది. ఆ తియ్యటి గొంతే. మేడమ్, జరిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామండీ. పొట్టి నోట్లోంచి అరుపు కాదు కదా, మాట కూడా సరిగ్గా రాలేదు. "అదికాదమ్మా, మీరు ఇవాళ అన్నారు, నేను సెలవు పెట్టి," అంటూ నీళ్లు నములుతుంటే పైనుంచి ఒక చెయ్యి దిగింది.

"ఇటివ్వు."

అక్క ఫోను అందుకుంది. వార్డెను గొంతు సవరించుకుంది, ఆ గొంతుకి ఒకప్పుడు మూడంతస్తుల హాస్టల్లో దీపాలారిపోయేవి. "ఏమ్మా, నీ పేరేంటో నాకనవసరం గానీ, ఒక మనిషిని పొద్దున్నుంచీ నేలమీద కూర్చోబెట్టి ఏడిపిస్తారా మీరు? మాటిచ్చేముందు ఆలోచన ఉండక్కర్లేదా?" అవతల గొంతు ఏదో సర్దిచెబుతోంది. ఫోను స్పీకరులో లేకపోయినా గది ఖాళీ కదా, మాటలు పొట్టికీ వినబడుతున్నాయి. పొరపాటు మాదేనండీ, మంచం మళ్లీ గోడౌనుకి వెళ్లిపోయింది, ఇప్పట్లో బండి లేదండీ, వచ్చే నెల దాటుతుంది, ఖచ్చితంగా ఏ రోజని కూడా చెప్పలేనండీ. పొట్టి మోకాళ్లలో మొహం దాచుకుంది. నెల దాటుతుందట. అక్క వారమే అంది.

ఒక్కటే విషయం మేడమ్, అంటోంది ఆ అమ్మాయి, మావాళ్లు ఎప్పుడొచ్చినా తలుపు తీసి తీసుకోడానికి ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలండీ. అప్పటికి ఎవరైనా ఉంటారాండీ?

అక్క భుజాన్నుంచి సంచీ జారి నేలమీద ధబ్బున పడిన చప్పుడైంది. పొట్టి మోకాళ్లలోంచి మొహం ఎత్తింది. అక్క ఫోను చెవికి ఆనించుకునే, ఒక కాలితో రెండో కాలి చెప్పు విప్పుతోంది, తూలి గోడ పట్టుకుంది, కళ్లనిండా నీళ్లు, గొంతు మాత్రం వార్డెను గొంతే.

"ఉంటాను," అంది. "నేనుంటాను. తొందరేం లేదమ్మా, నిదానంగానే పంపండి."